ఏరివేసిన గింజ ఎక్కడికి పోతోంది?

వేరుశనగలో అఫ్లాటాక్సిన్ నివారణపై వెలువడిన ఏ కరపత్రం చూసినా చివరి సూచనలలో ఒకటి తప్పక కనిపిస్తుంది: ముడుచుకున్న, పగిలిన, పురుగు తొలిచిన, బూజు పట్టిన కాయలను, గింజలను ఏరివేయాలి. ఈ సూచనకు బలమైన శాస్త్రీయ ఆధారం ఉంది. అయితే ఆ వాక్యం అక్కడితోనే ముగుస్తుంది. ఏరివేసిన గింజను ఏం చేయాలో, అది ఎవరి చేతికి చేరకూడదో కరపత్రం చెప్పదు. రైతు ఇంట ఏ గింజా వృథాగా పోదు. మంచి గింజ మార్కెట్టుకు పోతుంది. పుచ్చు గింజ వంటింటికో, గానుగకో, పశువుల తొట్టికో చేరుతుంది.

శిలీంధ్ర విషాలపై దశాబ్దాలుగా సాగిన పరిశోధన విషాన్ని ఎలా కొలవాలో, ఎలా తగ్గించాలో, ఎలా వేరుచేయాలో నేర్పింది. వేరుచేసిన సరుకుకు గమ్యం నిర్ణయించే పని మాత్రం ఎవరి బాధ్యతగానూ లెక్కకు రాలేదు. ఆ బాధ్యతను విస్తరణ రంగం చేపట్టనంత కాలం ఏరివేత వల్ల మార్కెట్టు సరుకు శుభ్రపడుతుందే గాని, సమాజం తినే విషం అదే నిష్పత్తిలో తగ్గదు.

కంటికి కనిపించని విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొద్ది నెలల వ్యవధిలో చనిపోయాయి. కారణం తెలియక మొదట దానిని 'టర్కీ ఎక్స్ వ్యాధి' అన్నారు. దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో చివరకు మూలం దొరికింది. ఆ చెక్కపై పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం పేరులోని అక్షరాలతోనే విషానికి అఫ్లాటాక్సిన్ అన్న పేరు వచ్చింది. ఈ విష చరిత్ర మొదలైనదే నూనె తీసిన చెక్కతో, పశుపక్ష్యాదుల దాణాతో అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

భారతదేశం దీని తీవ్రతను 1974లో చూసింది. రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల సరిహద్దు గిరిజన గ్రామాలలో కామెర్లతో, పొట్టలో నీరు చేరడంతో జనం మంచాన పడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, రమేశ్ భట్, వారి సహచరులు ఈ వ్యాధిని పరిశోధించి, అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని నిర్ధారించారు. నమోదైన 397 మంది రోగులలో 106 మంది మరణించారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలకు కూడా అవే లక్షణాలు కనిపించాయి. మొక్కజొన్న నమూనాలలో కిలోకు 6.25 నుండి 15.6 మిల్లీగ్రాముల విషం ఉన్నట్లు తేలింది. ధాన్యాలకు నేడు దేశంలో అమలులో ఉన్న 15 మైక్రోగ్రాముల పరిమితితో పోలిస్తే ఇది 400 రెట్లకు మించినది.

అంతటి విపత్తు అరుదు. రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోయే విషం మాత్రం అరుదు కాదు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ అఫ్లాటాక్సిన్లను మానవులలో కేన్సర్ కలిగించేవిగా నిర్ధారించిన మొదటి వర్గంలో చేర్చింది. హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారిలో కాలేయ కేన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, టోగో దేశాల పిల్లలపై జరిగి 2002లో ప్రచురితమైన అధ్యయనం శరీరంలోని అఫ్లాటాక్సిన్ మోతాదుకు, ఎదుగుదల లోపానికి సంబంధం ఉన్నట్లు చూపింది. ఈ విషానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మామూలు వంట వేడికి ఇది నశించదు. వేయించినప్పుడు కొంత తగ్గినా పూర్తిగా పోదు. బూజు కనిపించని గింజలోనూ విషం ఉండవచ్చు. బూజు కనిపించిన ప్రతి గింజలోనూ ఉండకపోవచ్చు. అందువల్ల కొలత లేకుండా ఈ విషయంలో ఏ మాటా నిలబడదు.

కొలత నేర్పిన పాఠం

ఆ కొలతను ఈ ప్రాంతానికి అందుబాటులోకి తెచ్చిన వారిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ప్రధాన వైరాలజీ శాస్త్రవేత్తగా పనిచేసిన డాక్టర్ డి.వి.ఆర్. రెడ్డి ముఖ్యులు. వేరుశనగలో మొవ్వుకుళ్లు వంటి వైరస్ తెగుళ్లపై పరిశోధనకు ఆయన ప్రసిద్ధులు. మొక్కలోని వైరస్‌ను పసిగట్టడానికి వైరాలజీ ప్రయోగశాలలు వాడే ఎలిసా పద్ధతిని ఆయన బృందం శిలీంధ్ర విషాల వైపు మళ్లించింది. విషానికి ప్రతిరక్షకాలను స్థానికంగానే తయారుచేయడం వల్ల, ఖరీదైన యంత్రాలపైన, విదేశీ కిట్లపైన ఆధారపడకుండా తక్కువ ఖర్చుతో ఎక్కువ నమూనాలను పరీక్షించే వీలు కలిగింది. ఒక తెగులు శాస్త్రవేత్త తన పరిధిని దాటి ఆహార భద్రత రంగంలోకి అడుగుపెట్టడం ఆనాటికి విశేషమే. అంతకంటే విశేషం, ఆ కొలతలు బయటపెట్టిన సామాజిక సత్యం.

1998, 1999 సంవత్సరాలలో ఈ బృందం ఆంధ్రప్రదేశ్‌లోని ప్రధాన మార్కెట్ యార్డులు, శీతల గిడ్డంగులు తదితర చోట్ల నుండి 182 మిరప నమూనాలను సేకరించి పరీక్షించింది. 59 శాతం నమూనాలలో అఫ్లాటాక్సిన్ బి1 కనిపించింది. 18 శాతం నమూనాలలో అది అప్పటి పరిమితి అయిన కిలోకు 30 మైక్రోగ్రాములను మించింది. అత్యధికంగా 969 మైక్రోగ్రాములు నమోదైన నమూనా మూడో రకం మిరపది. పరిమితి దాటిన నమూనాల శాతం కూడా మూడో రకంలోనే ఎక్కువ. పెద్ద దుకాణాలలో అమ్మే కారంపొడులలో విషం తక్కువగా ఉంది.

ఈ ఫలితాన్ని నాణ్యత సమస్యగా మాత్రమే చదవడం పొరపాటు. యార్డులో రకాలుగా విడదీయడం అంటే ధరను బట్టి సరుకును విడదీయడం. ధరను బట్టి సరుకు విడిపోతే తినేవారు కూడా విడిపోతారు. మూడో రకం కాయ పొడిగా మారాక దాని రకం ఎవరికీ తెలియదు. తక్కువ ధరకు విడిగా దొరికే కారం కొనేవారి పళ్లెంలోకి అది చేరుతుంది.

పాలపై ఇదే బృందం చేసిన పరిశోధన 2002లో వెలువడింది. 280 పాలు, పాల ఉత్పత్తుల నమూనాలలో సగానికి పైగా పరిమితికి లోబడి ఉన్నా, అధిక మోతాదులో అఫ్లాటాక్సిన్ ఎం1 కనిపించిన నమూనాలలో ఎక్కువ భాగం పట్టణ శివార్లవి. శివారు పాడి పచ్చిక మీద కంటే కొన్న దాణా మీద ఎక్కువగా ఆధారపడుతుంది. విషం అక్కడికి ఏ దారిన వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

ఒక్క గింజ లెక్క

ఏరివేత ఎందుకు ఫలిస్తుందో తెలిస్తేనే, ఏరివేసిన సరుకు ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. అఫ్లాటాక్సిన్ రాశి అంతటా సమానంగా పరుచుకొని ఉండదు. వేల గింజలలో ఏ కొద్దిటిలోనో అది గూడు కట్టుకుంటుంది. ఒక్కొక్క వేరుశనగ గింజను విడిగా పరీక్షించిన అమెరికా శాస్త్రవేత్తలు 1966లోనే కిలోకు 10 లక్షల మైక్రోగ్రాములకు మించిన సాంద్రత గల గింజలను గుర్తించారు. 0.4 గ్రాముల బరువున్న అటువంటి గింజలో 400 మైక్రోగ్రాముల విషం ఉంటుంది. కిలోకు 15 మైక్రోగ్రాముల పరిమితితో భాగిస్తే, ఆ ఒక్క గింజ సుమారు 27 కిలోల శుభ్రమైన పప్పును పరిమితి దాకా తీసుకుపోగలదు.

అమెరికాలో థామస్ విటేకర్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధన దీనినే రాశి స్థాయిలో చూపింది. రైతులు తెచ్చిన కాయల రాశులలో ముందే కాయ నుండి విడిపోయిన గింజలు, దెబ్బతిన్న గింజలు, జల్లెడ కిందికి జారిన సన్న గింజలు కలిపి బరువులో సుమారు 18 శాతం. మొత్తం అఫ్లాటాక్సిన్‌లో మాత్రం వాటి వాటా సుమారు 93 శాతం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏరివేత సాధించేది ఏమిటో స్పష్టమవుతుంది. అయిదింట నాలుగు వంతుల సరుకు దాదాపు సురక్షితమవుతుంది. మిగిలిన ఒక వంతులో దాదాపు విషమంతా పోగుపడుతుంది. శ్రద్ధగా ఏరేకొద్దీ ఆ చిన్న కుప్ప మరింత విషపూరితమవుతుంది. ఆ కుప్ప ఎక్కడికి పోతుందన్నది తెలియకుండా ఏరివేతను విజయంగా లెక్కించడం సగం లెక్కే.

ఏరివేత తరువాతి దారులు

మొదటి దారి వంటింటిది. కాయ ఒలిచేటప్పుడు పగిలిన, ముడుచుకున్న గింజలను అమ్మకానికి పంపరు. చట్నీకో, పొడికో, పిల్లల చిరుతిండికో ఉంచుకుంటారు. నూరిన తరువాత మంచి గింజకు, పుచ్చు గింజకు తేడా చెరిగిపోతుంది. ఈ ఒలుపు పనిలో ఎక్కువగా ఉండేది స్త్రీలు. ఒలవడం సులువు కావాలని, గింజ పగలకూడదని కాయలపై నీళ్లు చల్లే అలవాటు కూడా పల్లెల్లోను, మిల్లుల్లోను ఉంది. అప్పటిదాకా కాపాడుకొన్న ఆరుదలను అది ఒక్క పూటలో పాడుచేస్తుంది.

రెండవ దారి పరిగెది. పీకేటప్పుడు ఊడ తెగి నేలలో మిగిలిన కాయలు తరచుగా ముదిరినవి, చెదలు గీరినవి, తొక్క చెడినవి. శిలీంధ్రం నివాసం ఉండేది నేలలోనే కనుక వీటిలో విషం ఉండే అవకాశం ఎక్కువ. 'పరిగె కాయలను ప్రధాన సరుకులో కలపరాదు' అని శాస్త్రీయ సూచన చెబుతుంది. కలపకపోతే అవి ఏరుకున్నవారి వద్దే ఉంటాయి. భూమి లేని కూలి కుటుంబాలే సాధారణంగా పరిగె ఏరుకుంటాయి. అంటే రైతు రాశిని కాపాడే సూచన, దానికి కొనసాగింపు లేకపోతే, ఊరిలోని నిరుపేద ఇంటికి విషాన్ని వదిలిపెడుతుంది. దీనిని ఏ శాస్త్రవేత్తా ఉద్దేశించలేదు. ఉద్దేశించకపోయినా ఫలితం అదే.

మూడవ దారి గానుగది, నూనె మిల్లుది. నాసి గింజకు నికరమైన కొనుగోలుదారు మిల్లే. అఫ్లాటాక్సిన్ నూనెలో అంతగా కరగదు కాబట్టి ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. క్షారంతో శుద్ధి చేసిన నూనెలో అది దాదాపు ఉండదు. వడపోయని గానుగ నూనెలో మాత్రం సన్నని పిండి రేణువులతోపాటు కొంత మిగులుతుంది. ఎండ తగిలితే నూనెలోని అఫ్లాటాక్సిన్ త్వరగా నశిస్తుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే చూపారు. అంత సులువైన పరిజ్ఞానం గానుగ నూనెకు ఆదరణ మళ్లీ పెరిగిన ఈ రోజుల్లో కూడా గానుగల వద్ద ప్రచారానికి నోచుకోకపోవడం విచారకరం.

నాలుగవ దారి చెక్కది. అన్నిటికంటే పొడవైన దారి ఇదే. గింజలో సుమారు సగం నూనెగా బయటికి పోతే, విషం మిగిలిన సగంలో చేరి దాని సాంద్రత దాదాపు రెట్టింపవుతుంది. కిలోకు 50 మైక్రోగ్రాముల బి1 ఉన్న నాసి పప్పు నుండి సుమారు 100 మైక్రోగ్రాముల చెక్క వస్తుందనుకుందాం. పాడి పశువు రోజుకు 2 కిలోల చెక్క తింటే 200 మైక్రోగ్రాములు లోనికి పోతాయి. అందులో 1 నుండి 6 శాతం వరకు ఎం1 రూపంలో పాలలోకి వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. 2 శాతమే వచ్చిందని తీసుకున్నా 4 మైక్రోగ్రాములు. పశువు 8 లీటర్ల పాలిస్తే లీటరుకు 0.5 మైక్రోగ్రాములు. పాలలో ఎం1కు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు సరిగ్గా అంతే. చెక్కలో విషం అంతకు మించిన ప్రతిసారీ పాలు హద్దు దాటుతాయి.

ఈ లెక్క కాగితానికే పరిమితం కాదు. అదే సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించింది. 368 నమూనాలలో, అంటే 5.7 శాతంలో, ఎం1 పరిమితిని మించింది. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ బయటపడినవి 12 నమూనాలే. పాల కల్తీ గురించి సమాజంలో జరిగే చర్చలో వందో వంతు కూడా పశువు తొట్టిలోని చెక్క గురించి జరగదు. పెద్దవారు మానుకోగల పుచ్చు గింజ చివరకు పాలై, మానుకోలేని పసివారికి చేరుతోంది.

ప్రమాణాలు ఎవరిని కాపాడుతున్నాయి?

నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నిబంధన. భారతదేశంలో నేరుగా తినే సరుకుకు 10, తదుపరి శుద్ధికి పంపే సరుకుకు 15 మైక్రోగ్రాములు పరిమితి. ఎగుమతి సరుకు జాడను తెలుసుకొనేందుకు అపెడా ప్రత్యేకమైన ఆన్‌లైన్ వ్యవస్థనే నడుపుతోంది. ఎగుమతి రైతుకు మేలు చేస్తుంది కనుక ఈ ఏర్పాటు అవసరమే. అయితే ఎగుమతికి తగిన గింజ జాడ తెలిసినంత స్పష్టంగా, తగని గింజ జాడ గ్రామస్థాయిలో ఏ పుస్తకంలోనూ కనిపించదు. దాణాకు కూడా ప్రమాణం ఉంది. భారత ప్రమాణాల సంస్థ మిశ్రమ పశుదాణాలో బి1కు కిలోకు 20 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. మిల్లు గడపలో కిలోల లెక్కన కొనే విడి చెక్కకు ఆ పరీక్ష ఎవరు చేస్తారు?

అమెరికా వేరుశనగ పరిశ్రమ 1965లో చేసుకొన్న మార్కెటింగ్ ఒప్పందం ఈ ప్రశ్నకు ఒక జవాబు చూపింది. తినడానికి తగని సరుకును గుర్తించి, విడిగా నిలవచేసి, నూనె తీయడానికి మాత్రమే పంపే ఏర్పాటు అందులో ఉండేది. అక్కడి పెద్ద కమతాలు, కొద్దిమంది కొనుగోలుదారులు ఉన్న వ్యవస్థను ఇక్కడి చిన్న కమతాలపై యథాతథంగా రుద్దడం సాధ్యం కాదు. దాని వెనుక ఉన్న సూత్రం మాత్రం ఇక్కడా చెల్లుతుంది: వేరుచేసినవారే వేరుచేసిన సరుకు గమ్యానికి జవాబుదారులు.

పొలంలోనే ఆపడం సాధ్యమా?

అసలు విషమే పుట్టకుండా చేస్తే ఈ చర్చ అవసరం లేదు కదా అనే వాదనలో న్యాయం ఉంది. నివారణే మొదటి మెట్టు. కాయ ఊరే దశలో, ముఖ్యంగా చివరి నాలుగైదు వారాలలో బెట్ట ఏర్పడి, కాయల చుట్టూ నేల వేడెక్కినప్పుడు గింజ సహజ రక్షణ శక్తి సన్నగిల్లి శిలీంధ్రం లోనికి చొరబడుతుంది. ఆ సమయంలో ఒక్క తడి ఇవ్వగలిగినా మేలు. ఊడలు దిగే దశలో జిప్సం, పశువుల ఎరువు, ట్రైకోడెర్మా, కాయ తొలిచే పురుగుల అదుపు, పక్వానికి రాగానే పీకడం, కాయలు పైకి వచ్చేలా మొక్కలను తిరగవేసి ఆరబెట్టడం, గింజలో తేమ 8 శాతం లోపుకు తెచ్చి నిలవచేయడం తెలిసిన మార్గాలే. ఇక్రిశాట్, వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అనంతపురం, చిత్తూరు జిల్లాల రైతుల పొలాల్లో విషాన్ని తట్టుకొనే రకాలను పరీక్షించారు. విషం తయారుచేయలేని శిలీంధ్ర జాతులను పొలంలో చల్లి విష జాతులను వెనక్కి నెట్టే పద్ధతిని అమెరికాలో పీటర్ కాటీ రూపొందించగా, ఒకప్పుడు ఇక్రిశాట్‌లో పనిచేసిన రణజిత్ బందోపాధ్యాయ్ ఆయనతో కలిసి దానిని ఆఫ్రికా రైతులకు అందించారు. శిలీంధ్రాన్ని, విష తయారీని రెండింటినీ అడ్డుకొనే జన్యుమార్పిడి వేరుశనగను ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కిరణ్ శర్మ, పూజా భట్నాగర్ మాథుర్, వారి సహచరులు 2017లో ప్రకటించారు. అది ఇంకా రైతు పొలానికి రాలేదు.

ఇవన్నీ విషాన్ని తగ్గిస్తాయి, సున్నా చేయవు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలల్లో చివరి దశ బెట్ట తరచుగా వచ్చేదే. తడి ఇవ్వడానికి నీరు లేని రైతుకు తడి ఇవ్వమనే సలహా అక్కరకు రాదు. అందువల్ల ప్రతి ఏటా ఎంతో కొంత ఏరివేయవలసిన సరుకు ఉంటుంది. నివారణ ఎంత ముఖ్యమో మిగిలినదాని గమ్యం కూడా అంతే ముఖ్యం.

ఎదురయ్యే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం రైతుది, అది సహేతుకమైనది. ఏరివేత కూలి రైతుదే, తగ్గిన తూకం రైతుదే. శుభ్రమైన గింజకు అదనపు ధర మాత్రం అరుదు. పైగా ఏరివేసిన గింజను మిల్లుకు అమ్మవద్దంటే ఉన్న కొద్దిపాటి రాబడీ పోతుంది. కాబట్టి నాసి గింజను తగలబెట్టమనో, పూడ్చమనో చెప్పడం ఆచరణకు నిలవదు. దానికి నూనె రూపంలో విలువ ఉంది. ఆ విలువను రైతుకు దక్కనిచ్చి, నూనెను శుద్ధి చేయించి, చెక్కను మాత్రం తొట్టికి పోకుండా మళ్లించడమే ఆచరణ సాధ్యమైన దారి. అమ్మోనియాతో శుద్ధి చేసే విధానం, దాణాలో విషాన్ని పట్టి ఉంచే బంకమట్టి ఖనిజాలు పరిశోధనలో నిగ్గు తేలినవే. అవి కుదరని చోట చెక్కను పొలానికి ఎరువుగా వాడవచ్చు.

రెండవ అభ్యంతరం భయం గురించినది. ఈ సంగతి ఎక్కువగా చెబితే జనం వేరుశనగనే మానేస్తారని కొందరి ఆందోళన. వేరుశనగ పేదవాని బలమైన ఆహారం. దానిని మానిపించడం మరో నష్టం. అయితే నిజం దాచడం వల్ల కలిగే నమ్మకం ఒక్క వార్తతో కూలిపోతుంది. విషం కొద్దిపాటి గింజలలోనే ఉంటుందని, వాటిని గుర్తించడం ఎక్కువ మేరకు సాధ్యమేనని చెప్పడం భయపెట్టడం కాదు, ధైర్యం చెప్పడమే.

మూడవ అభ్యంతరం పరిధికి సంబంధించినది. పంట కోత వరకే వ్యవసాయ విస్తరణ పని, ఆ తరువాతది ఆహార శాఖది, పశుసంవర్ధక శాఖది అని అంటారు. ఈ విషం శాఖల సరిహద్దులను గుర్తించదు. నేలలోని శిలీంధ్రం గింజలోకి, గింజ నుండి చెక్కలోకి, చెక్క నుండి పాలలోకి సాగుతుంది. ఏ శాఖకు ఆ శాఖ తన ముక్కను మాత్రమే చూస్తే మొత్తం దారిని చూసేవారే ఉండరు. వైరస్‌ల మీద పనిచేసిన శాస్త్రవేత్త పాలలోని విషాన్ని కొలిచినప్పుడు పరిధి అడ్డు రాలేదు.

విస్తరణ రంగం చేయవలసినవి

మొదటిది, కరపత్రంలోని వాక్యాన్ని పూర్తిచేయడం. 'ఏరివేయాలి' అన్న ప్రతిచోట 'ఏరివేసిన వాటిని తినరాదు, పశువులకు పెట్టరాదు, పొడి కొట్టరాదు. విడి సంచిలో వేసి గుర్తు పెట్టి, శుద్ధి చేసే నూనె మిల్లుకే ఇవ్వాలి' అన్న మాటలు చేరాలి. దీనికి ఖర్చు లేదు.

రెండవది, శిక్షణకు పిలవవలసినవారిని మార్చడం. అఫ్లాటాక్సిన్ శిక్షణలు ఎక్కువగా పొలం యజమానులకే జరుగుతాయి. గింజ భవిష్యత్తును నిర్ణయించేది ఒలిచే స్త్రీలు, పరిగె ఏరుకొనేవారు, గానుగ నడిపేవారు, పాడి పోషించేవారు. స్వయం సహాయక సంఘాల సమావేశాలు, పాల సేకరణ కేంద్రాలు ఇందుకు అనువైన వేదికలు. పరిగె కాయలను ఊరిలోనే బరువుకు కొని, విడిగా మిల్లుకు పంపే పనిని రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చేపడితే నిరుపేద కుటుంబానికి విషం బదులు రూకలు దక్కుతాయి.

మూడవది, పరీక్షను సరైన చోటికి తీసుకుపోవడం. ఇప్పటివరకు పరీక్షకు వెళ్లేది ఎక్కువగా అమ్మకానికి సిద్ధమైన మంచి సరుకే. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు మిల్లుల చెక్క నమూనాలను సీజనులో క్రమంగా పరీక్షించి ఫలితాలను ఆ ప్రాంత పాడి రైతులకు తెలియజేయాలి. ఒక్క గింజ లెక్కను బట్టి చూస్తే చెక్కను పరీక్షించడంలో మరో వెసులుబాటు ఉంది: గింజల రాశిలో విషం అక్కడక్కడ ఉంటుంది కనుక నమూనా తీయడం కష్టం, నలిగి కలిసిన చెక్కలో అది మరింత సమంగా పరుచుకొని ఉంటుంది కనుక నమూనా నమ్మదగినదవుతుంది.

నాలుగవది విద్యార్థులకు సంబంధించినది. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు నెలల తరబడి పల్లెల్లో ఉంటారు. ఒక గ్రామంలో ఒక సీజనులో ఏరివేసిన, పరిగెగా వచ్చిన, ఒలుపులో పగిలిన గింజ ఎంత, అది ఎవరి ఇంటికి, ఏ మిల్లుకు, ఏ తొట్టికి చేరింది అన్న లెక్కను వారు నమోదు చేయగలరు. పెద్ద యంత్రాలు అవసరం లేని పరిశోధన అది. తూకం, పుస్తకం, అడిగే ఓపిక చాలు. అటువంటి లెక్కలు పది గ్రామాల నుండి వచ్చినా, విధానం రూపొందించేవారి ముందు ఇప్పుడు లేని ఆధారం నిలుస్తుంది.

చివరిగా, విశ్వవిద్యాలయాలు తమ నివారణ ప్రయోగాల ఫలితాలను నివేదించే తీరు కూడా మారాలి. ఏరివేత తరువాత మంచి గింజలో మిగిలిన విషం ఎంతో చెప్పే పట్టికలో, ఏరివేసిన గింజల బరువు, వాటిలోని విషం, వాటిని ఏం చేశారన్న మూడు గడులు చేర్చడం పెద్ద పని కాదు. ఆ మూడు గడులు ఖాళీగా ఉన్న పట్టికను అసంపూర్ణమైనదిగా పరిగణించే అలవాటు పరిశోధకులలో, పరీక్షకులలో ఏర్పడితే, ఏరివేసిన గింజకు తొలిసారిగా ఒక చిరునామా దొరుకుతుంది.